గోడ తీసిన వంటిల్లు

ఆ గోడను ఇల్లాలి కోసమే పడగొట్టిస్తున్నారని ఇంట్లో అందరికీ తెలుసు. భర్త ఫోన్లో చెప్పుకున్నంత మేరకు చుట్టాల్లో కూడా సగం మందికి తెలుసు. అందుకే ఆమెకు వద్దనడానికి నోరు పెగల్లేదు.

గోడంటే అదేమీ కోటగోడ కాదు. హాలుకూ వంటింటికీ మధ్య నిలబడ్డ మామూలు ఇటుక గోడ. ఇటువైపు టీవీ, అటువైపు గరిటెలు తగిలించే మేకులు. ఇల్లు కొత్తగా తీర్చిదిద్దడానికి పిలిపించిన డిజైనరు, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని తిరిగే మనిషి, ఆ గోడను వేళ్ల కణుపులతో నాలుగు చోట్ల తట్టింది. చెవి ఆనించి వింది. పైన దూలం ఎటు పోతోందో తల ఎత్తి చూసింది.

"ఇది బరువు మోసే గోడ కాదండీ. నిశ్చింతగా తీసేయొచ్చు," అంది.

అది ఏం మోస్తోందో నీకేం తెలుసు తల్లీ అనుకుంది ఇల్లాలు. పైకి మాత్రం నవ్వుతూ టీ కప్పు అందించింది.

డిజైనరు మంచి మనిషే. అదే వచ్చిన చిక్కు. గడుసుదో, డబ్బు మనిషో అయితే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆమె సోఫా అంచున కూర్చుని, చెక్క ముక్కలూ రంగు పూసిన అట్టముక్కలూ బల్ల మీద పరిచి, ఎంతో ఇష్టంగా చెప్పింది. తెల్లటి ట్యూబులైట్లు తీసేసి పసుపు వెలుగు దీపాలు పెడదామంది. మెరిసే పలకలొద్దు, చేత్తో తడిమితే వెచ్చగా అనిపించే చెక్క వాడదామంది. "ఇల్లు ఫొటో కోసం కాదండీ, రోజూ బతకడానికి. ఎన్నేళ్ల తర్వాత చూసినా పాతబడినట్టు ఉండకూడదు. ముఖ్యంగా వంట చేసే మనిషి ఒంటరిగా ఉండకూడదు. అందరూ హాల్లో కబుర్లు చెప్పుకుంటుంటే ఒక్కరే గోడ వెనక ఉల్లిపాయలు తరుక్కోవడమేంటి, అన్యాయం కాదూ?"

ఇన్నేళ్లలో ఆ మాట అన్నవాళ్లు లేరు. అన్న ఒక్క మనిషీ చివరికి ఆ గోడ మీదకే వచ్చిపడింది.

"విన్నావా?" అన్నాడు భర్త, ఆ మాట తనే అన్నంత సంబరంగా. "ఇకనుంచి నువ్వు కూడా మాతోనే!"

సోఫాలో మూలగా కూర్చున్న అత్తగారు ఒక రంగు అట్టముక్కను తిప్పి చూసి బల్ల మీద పెట్టేసింది. కాలేజీకి వెళ్లే కూతురు మాత్రం, "అమ్మా, ఇక నీకు సీరియల్ కథ నేను వచ్చి చెప్పక్కర్లేదు," అంది.

గోడ వెనక ఆమె ఘనకార్యాలేమీ వెలగబెట్టేది కాదు. ఏడ్చేది కూడా కాదు, ఎప్పుడో ఒకసారి తప్ప. ముఖాన్ని దాని మానాన వదిలేసేది, అంతే. హాల్లోకి వెళ్లేటప్పుడు ఒక ముఖం వేసుకుని వెళ్లాలి. కనుబొమలు కాస్త పైకి, పెదవులు కాస్త పక్కకి, ఎవరేం అడుగుతారో అన్నట్టు మెడ కాస్త ముందుకి. ఆ ముఖం పెళ్లయిన కొత్తలో వేసుకుంది, తీయమని ఎవరూ చెప్పలేదు. వంటింటి గుమ్మం దాటి రెండడుగులు లోపలికి వేస్తే చాలు, బిగుతు చెప్పులు విప్పినట్టు దాన్ని విప్పేసేది.

మాటలూ అంతే. హాల్లో మింగినవన్నీ లోపలికొచ్చి కక్కేది. "ఇంకా అవలేదా?" అని భర్త కేకేస్తే "అయిపోయిందండీ, ఒక్క నిమిషం," అని గుమ్మంలోంచి చెప్పి, వెనక్కి తిరిగి చిల్లుల గరిటెతో, "నీకేం నాయనా, కాలు మీద కాలేసుకుని ఎన్నైనా అడుగుతావు," అనేది. భర్తను ఆమె నువ్వు అనే చోటు ఈ భూమ్మీద అదొక్కటే. గిన్నెలతో అంటే ఏముంది, అవి వెళ్లి ఎవరికీ చెప్పవు.

అందుచేత ఆ వారమంతా ఆమె గోడను కాపాడుకోవడానికి చేయని ప్రయత్నం లేదు. వద్దు అన్న ఒక్క మాట తప్ప అన్నీ చెప్పింది.

"ఆ గోడలో నీళ్ల పైపు ఉందేమోనండీ," అంది ముందు. డిజైనరు మేస్త్రిని పిలిపించి చూపించింది. పైపు ఆ గోడలో లేదు, బయటి గోడలో ఉంది.

"వేపుడు పెడితే ఘాటంతా హాల్లోకి వచ్చేస్తుంది. అత్తయ్యగారికి అసలే దగ్గు."

"నాకు దగ్గేంటి? నిక్షేపంలా ఉన్నాను," అంది అత్తగారు. పొగ పీల్చుకునే చిమ్నీ పెడతామంది డిజైనరు.

"టీవీ ఎక్కడ పెట్టుకుంటారు మరి?" ఇది ఆమె ఆఖరి అస్త్రం. భర్త టీవీ విషయంలో రాజీ పడడని ఆమె ధీమా. అతను లేచి, ఎదురు గోడ దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ చాచి చూపించాడు. "ఇక్కడికి మార్చేస్తాం. నీ కోసం ఆమాత్రం చేయలేనా?"

చేయగలడు. అదే ఆమె భయం కూడా.

మర్నాడు సాయంత్రం అతను ఆఫీసు నుంచి వచ్చి చొక్కా మార్చుకుంటున్నప్పుడు, ఉతికిన బట్టలు మడతపెడుతూ మెల్లిగా కదిపింది. "గోడ అలాగే ఉంచేస్తే ఏమవుతుందండీ? తక్కినవన్నీ ఆవిడ చెప్పినట్టే చేయించుకుందాం."

"ఎందుకు?"

"ఏం లేదు. అలవాటైపోయింది."

"అలవాటేంటి? లోపల ఒక్కదానివే ఏం చేస్తావు?"

నా ముఖం విప్పుకుంటాను అని చెబితే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తాడు. మిమ్మల్ని తిట్టుకుంటాను అని చెబితే ఏం చేస్తాడో తెలియదు. చేతిలో ఉన్న తువ్వాలును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"మా నుంచి దాక్కోవాల్సిన అవసరం నీకేముంది?" అన్నాడతను. కోపంగా కాదు. కొంచెం నొచ్చుకున్నట్టుగా.

"అయ్యో, అదేం కాదండీ," అంది ఆమె, కనుబొమలు పైకెత్తి, పెదవులు పక్కకి లాగి.

గోడ పడగొట్టే రోజు రానే వచ్చింది. మేస్త్రి ముందు రంపపు మిషనుతో గోడ అంచుల వెంట గాటు పెట్టాడు, పక్క గోడలు పగలకుండా. తర్వాత నిచ్చెనెక్కి, పై వరస నుంచి ఒక్కో ఇటుకనూ ఉలితో వదులు చేస్తూ కిందికి దించాడు. సోఫా మీదా, ఫ్రిజ్ మీదా తడి గోనెపట్టాలు కప్పారు. అయినా ఎర్రటి దుమ్ము ఎక్కడెక్కడికో పోయింది. ఇల్లాలు మేకుల నుంచి గరిటెలన్నీ తీసి బుట్టలో పెట్టుకుని, ఆ బుట్టను ఒళ్లో పెట్టుకుని, పెరటి గడప మీద కూర్చుంది. ముందు పైన చీలికలా వెలుగు కనిపించింది. తర్వాత భర్త తల కనిపించింది. తర్వాత భుజాలు. అతను అటువైపు నుంచి చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది.

ఇటుకలు మోసుకుపోయాక డిజైనరు, నేల మీద గోడ పోయిన గరుకు గీతకు అటొక అడుగూ ఇటొక అడుగూ వేసి నిలబడి, తన పద్ధతి చెప్పింది. "నేను వెంటనే వంటగట్టు రాయి కోయించనండీ. ఓ వారం ఇలాగే ఉండండి. ఎవరు ఎటు నడుస్తున్నారో, ఎక్కడ మోచెయ్యి తగులుతోందో, వెలుగు ఎక్కడ చాలట్లేదో మీకే తెలుస్తుంది. అప్పుడొచ్చి కొలతలు ఖాయం చేస్తా. రాయి కోయించాక నేనే కాదు, ఎవరూ ఏమీ చేయలేరు."

మొదటి రెండు రోజులూ పండగలా ఉందన్నారు ఇంట్లోవాళ్లు. ఇల్లాలికి మాత్రం ప్రాణం మీదకొచ్చింది. పొద్దున లేచి పొయ్యి వెలిగించింది మొదలు అందరూ పడుకునేదాకా ఆ హాలు ముఖాన్ని మోయాల్సి వచ్చింది. ఉల్లిపాయలు నవ్వుతూ తరిగింది. మాడిన గిన్నె నవ్వుతూ తోమింది. రెండో రోజు మధ్యాహ్నానికి దవడలు లాగడం మొదలెట్టాయి. నీళ్లు తాగే నెపంతో ఫ్రిజ్ తలుపు తెరిచి, దాని వెనక ముఖం పెట్టి నిలబడేది. ఆ చల్లటి వెలుగులో కాసేపు పెదవులు వదిలేసేది.

"అంతసేపు తెరిచి ఉంచితే కరెంటు కాలదూ?" అన్నాడు భర్త సోఫాలోంచి. ఆమె తలుపు మూసేసింది.

ఇంట్లో ఎక్కడా నిలబడటానికి చోటు లేనట్టు అనిపించింది ఆమెకు. స్నానాలగదిలో ఎంతసేపని ఉంటుంది? పెరట్లోకి వెళ్తే పక్కింటావిడ గోడ మీదుగా పలకరిస్తుంది. చేతిలోంచి జార్చి ఒక గ్లాసు పగలగొట్టింది. "దిష్టి పోయింది లే," అంటూ కూతురు చీపురు తెచ్చిచ్చింది. ఇచ్చి, వెళ్లి కూర్చుంది.

మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర జరిగింది, జరగాల్సింది. ముగ్గురూ బల్ల దగ్గర తింటున్నారు. ఆమె అటు తిరిగి సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. ముఖం అటువైపు ఉంది కాబట్టి దాన్ని వదిలేసింది. నీళ్లు పారుతున్నాయి, చేతికి సబ్బు నురగ, వేళ్లకు తెలిసిన పని. గోడ లేదన్న సంగతి కాసేపు మరిచిపోయింది.

"కూరలో ఉప్పు కాస్త తగ్గినట్టుంది," అన్నాడు భర్త.

"తగ్గితే లేచి వేసుకో. చేతులు లేవా నీకు?" అంది ఆమె, గిన్నెతో.

వెనక చప్పుడు ఆగిపోయింది. చెంచా ఏదో పళ్లేనికి తగిలి నిలిచిపోయింది. ఆమె వీపు మీద మూడు జతల కళ్లు పడ్డట్టు తెలిసింది. కుళాయి కట్టేస్తే ఆ నిశ్శబ్దం ఇంకా పెద్దదవుతుందని కట్టలేదు. ఇక అయిపోయింది నా పని అనుకుంది. ఇన్నేళ్ల కాపురం ఒక గిన్నెతో పాటు సింకులోకి జారిపోయిందనుకుంది.

కూతురికి పొలమారింది. నవ్వుకో, భయానికో తెలియలేదు. అత్తగారు రిమోటు అందుకుని టీవీ గొంతు పెంచింది. భర్త, ఆ మాట ఎవరిని అందా అని అటూ ఇటూ చూశాడట, కూతురు తర్వాత చెప్పింది. చివరికి ఉప్పు లేకుండానే తినేసి లేచాడు.

ఎవరేమంటారోనని ఆమె చాలాసేపు ఎదురుచూసింది. ఇల్లు కూలలేదు. పొద్దున లేస్తే పాలవాడు మామూలుగానే వచ్చాడు. ఆమె పొయ్యి ముందు నిలబడి, ముఖం వేసుకోవడానికి ఓపిక చాలక, అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం భర్త స్నేహితుడొకడు ఇల్లు చూడ్డానికి వచ్చాడు. భర్త ఇల్లంతా తిప్పి చూపించాడు. దీపాలు ఎక్కడొస్తాయో, పుస్తకాల అలమార ఎక్కడొస్తుందో, అన్నీ. చివరికి తీసేసిన గోడ దగ్గరికొచ్చి, "ఇదంతా మా ఆవిడ కోసం," అంటూ చెయ్యి చాపాడు. అక్కడ ఆవిడ నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ, నొసలు ముడిచి, పెదవులు బిగించి, పిండి కలుపుతోంది. వచ్చినాయనకు నమస్కారం పెట్టింది. మళ్లీ పిండిలో చెయ్యి పెట్టింది.

స్నేహితుడు టీ తాగుతూ గొంతు తగ్గించి, "ఏరా, చెల్లెమ్మకి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

ఆయన చెప్పులు వేసుకుని గేటు దాటాడో లేదో భర్త వెనక్కి వచ్చాడు. "వాడి ముందు ముఖం అలా పెట్టుకున్నావేంటి?"

"ఎలా పెట్టుకున్నాను?"

"అదే... ఎవరో ఏదో అన్నట్టు."

"ఎవరూ ఏమీ అనలేదండీ. పని చేసేటప్పుడు నేనిలాగే ఉంటాను."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూను."

అతను నమ్మలేదు. కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత సోఫాలో కూర్చున్నాడు. అక్కడి నుంచి కూడా ఆమె కనిపిస్తోంది. పొయ్యి దగ్గర నుంచి సింకు దగ్గరికి, సింకు దగ్గర నుంచి అలమార దగ్గరికి. లేచి అటు తిరిగి కూర్చున్నాడు. "నువ్వలా తిరుగుతూనే ఉంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. కాసేపు కూర్చోరాదూ?"

"కూర్చుంటే రొట్టెలెవరు చేస్తారండీ?"

పేపరు గట్టిగా దులిపిన చప్పుడైంది.

మర్నాడు కొడుకూ మనవరాలూ బయటికి వెళ్లాక, అత్తగారు తన కుర్చీని కిర్రుకిర్రుమంటూ లాక్కొచ్చి గరుకు గీత పక్కన వేసుకుంది. కాసేపు కోడలు చిక్కుడుకాయలు ఈనెలు తీయడం చూసింది.

"గోడ మళ్లీ కట్టించుకో అమ్మాయ్. వాడు కూడా అదే అనుకుంటున్నాడు. రాత్రి నాతో అన్నాడు."

కోడలి చేతులు ఆగిపోయాయి. "ఏమన్నారు?"

"ఇంట్లో కాసేపు ప్రశాంతంగా కూర్చోవడానికి లేకుండా పోయిందన్నాడు. నువ్వు పని చేస్తూ కనపడుతుంటే వాడికి టీవీ చూడబుద్ధి కావట్లేదట." అత్తగారు తనూ ఓ గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుంది. "వాడి సంగతి వదిలెయ్. నీకే మంచిది. గోడ ఉంటే ఏడుపొచ్చినా కోపమొచ్చినా నీ ఇష్టం. నేను మాత్రం గిన్నెలతో మాట్లాడలేదనుకున్నావా?"

కోడలు తలెత్తి చూసింది. "మీరా అత్తయ్యా? ఎవర్ని తిట్టుకునేవారు?"

అత్తగారు, ఇంట్లో ఎవరూ లేరని తెలిసి కూడా, ఓసారి చుట్టూ చూసింది. "ఇంకెవర్ని, మీ మామయ్యని. అనరాని మాటలన్నీ అన్నాను. ఆ రుబ్బే మిషను చప్పుడులో నా నోటికి హద్దుండేది కాదు." ఆమె భుజాలు కదిలాయి, నవ్వుతోంది. "పాపం, ఆయనకేం తెలుసు. నా అంత నెమ్మదైన మనిషి లోకంలో లేదనుకున్నారు. పోయేదాకా అదే అనుకున్నారు. పోయేముందు కూడా అదే అన్నారు, నిన్ను ఏనాడూ కష్టపెట్టలేదు కదా అని."

"మీరేమన్నారు?"

"లేదండీ అన్నాను."

అత్తగారు ఇంకా నవ్వుతూనే ఉంది. కోడలూ నవ్వబోయింది. కానీ ఆ నవ్వు సగంలో చచ్చిపోయింది. ఒక మనిషి పక్కన బతుకంతా బతికాక, ఆ మనిషి తను కాని ఇంకెవరికో వీడ్కోలు చెప్పి వెళ్లిపోవడం ఎలా ఉంటుందో ఆమెకు ఒక్కసారిగా కళ్ల ముందు కనిపించింది. ఈ నాలుగైదు రోజులూ ఆమె పడ్డ భయమంతా ఈ భయం ముందు చిన్నదైపోయింది.

డిజైనరు అనుకున్న రోజుకే వచ్చింది. టేపు, కాగితాల చుట్ట, జుట్టులో పెన్సిలు. వస్తూనే నేల మీద మోకాళ్లు ఆనించి, గరుకు గీత మీద చెయ్యి పెట్టింది. "ఎలా ఉంది? ఎక్కడైనా ఇబ్బంది పడ్డారా?"

భర్త గొంతు సవరించుకున్నాడు. "అదే, ఒకటి ఆలోచించామండీ. గోడ మళ్లీ పెట్టించేద్దాం. పాతదే కానక్కర్లేదు, మీ ఇష్టం, చెక్కతోనైనా సరే. కానీ అవతల ఏముందో ఇవతలికి కనపడకుండా ఉండాలి."

డిజైనరు ముఖంలో రంగు మారింది. "ఎందుకండీ? వారంలోనే?"

"మా ఆవిడ కోసమే. ఆమెకి మొదట్నుంచీ ఇష్టం లేదు. నేనే వినిపించుకోలేదు." అతను ఇల్లాలి వైపు తిరిగాడు, ఈసారైనా మెచ్చుకుంటుందన్నట్టు. "గోడ ఉంచమని నువ్వే కదా అన్నావు?"

"అన్నానండీ."

"చూశారా!"

డిజైనరు పెన్సిలు తీసి కాగితం విప్పింది. ఇల్లాలు ఇన్ని రోజులూ కోరుకున్నది తనంతట తాను గుమ్మం ముందుకు నడిచొచ్చి నిలబడింది. ఊఁ అంటే చాలు. రెండ్రోజుల్లో ఇటుకలు లేస్తాయి, లోపల హాయిగా ముఖం విప్పుకోవచ్చు, ఎవరినైనా ఏమైనా అనుకోవచ్చు. అత్తగారు కుర్చీలోంచి తల ఊపుతోంది, ఒప్పుకో ఒప్పుకో అన్నట్టు.

"ఇప్పుడొద్దు," అంది ఇల్లాలు.

"ఏమిటొద్దు?" అన్నాడు భర్త.

"గోడ. గోడొద్దండీ."

"నీ కోసమే కదా కట్టిస్తోంది!"

"నా కోసమైతే వద్దు."

గొంతు వణికింది. వణకనిచ్చింది. భర్త డిజైనరు వంక చూసి, ఎటూ తోచనట్టుగా, "మరి ముఖం అలా పెట్టుకుని ఉంటావెందుకు రోజంతా?" అన్నాడు.

"పెట్టుకోలేదండీ. నా ముఖమే అది."

డిజైనరు చేతిలో పెన్సిలు కాగితం మీద ఆగి ఉంది. "మిమ్మల్ని నేను ఒక్క మాటైనా అడగలేదు కదండీ," అంది నెమ్మదిగా. "గట్టు పొడవు కొలిచాను, కిటికీ కొలిచాను. సరే, ఇప్పుడడుగుతున్నా. మీకేం కావాలి ఇక్కడ?"

ఇల్లాలు ఆలోచించలేదు. "కూర్చోవడానికి. గట్టు పక్కనే, హాలు వైపు తిరిగి."

"ఎత్తు ఎంత? కాళ్లు నేలకు ఆనాలా, పైకి ఉండాలా?"

"ఆనాలి."

"అయితే ఒకసారి కూర్చోండి."

అత్తగారి పక్కన ఉన్న కుర్చీ లాక్కుని ఆమె కూర్చుంది, హాలుకు ఎదురుగా. డిజైనరు కింద చతికిలబడి టేపు విప్పి, పాదం దగ్గర నుంచి మోకాలి వెనక దాకా కొలిచింది. "కదలకండి, ఇంకోసారి చూస్తా. నడుము దగ్గర కూడా కావాలి."

"అమ్మాయ్, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి," అంది అత్తగారు.

ఇల్లాలు అలవాటుగా ముందుకు వంగింది. "కదలకండీ," అంది డిజైనరు మళ్లీ, టేపు ఆమె వీపుకు ఆనించి పట్టుకుని. ఆమె వెనక్కి ఆనుకుంది. పాల గిన్నె అంచు దాకా తెల్లగా లేచింది. అత్తగారు కొడుకును చూసింది. అతను భార్యను చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది, నొసలు ముడిచి, పెదవులు బిగించి.

అతను గరుకు గీత దాటి పొయ్యి దగ్గరికి గబగబా వెళ్లాడు. గుండ్రటి మీటను పట్టుకుని తిప్పాడు. మంట భగ్గున ఇంకా పెద్దదైంది.

"ఇది ఎటు తిప్పాలే?"

"కుడివైపు," అంది ఆమె, కూర్చునే.